బొగ్గు ఇంజను ఫైర్‌బాక్సులో రాగి ఎందుకు కరగదు?

గుంటూరు మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం బోధిస్తాను. కాగితపు గిన్నెలో నీళ్లు పోసి కొవ్వొత్తి మంట మీద పెడితే నీళ్లు వేడెక్కుతాయి గానీ కాగితం అంటుకోదని మొన్న తరగతిలో చూపించాను. అది చూసిన ఒక విద్యార్థిని మంచి ప్రశ్న వేసింది. ఇంగ్లండులో తయారైన పాత బొగ్గు ఇంజన్లలో మంట మండే పెట్టెను, అంటే ఫైర్‌బాక్సు లోపలి గోడలను, రాగి రేకుతో చేసేవారని ఆ అమ్మాయి ఎక్కడో చదివిందట. రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. బాగా రాజుకున్న బొగ్గు మంట 1,300 డిగ్రీలు దాటుతుంది. అటువంటప్పుడు గంటల తరబడి ఆ మంటను చుట్టుకొని ఉండే రాగి గోడలు కరిగి కారిపోకుండా ఎలా నిలిచాయి?

గోడలకు అవతలి వైపు నీరు ఉంటుందని నేను చెప్పగలిగాను. కానీ కాగితపు గిన్నె ప్రయోగంలో ఉన్నది కొవ్వొత్తి, ఇక్కడ ఉన్నది రైలును లాగే మంట. ఇంత మందమైన లోహం లోపలి ముఖం వేడెక్కకుండా అవతలి ముఖాన్ని తడిపే నీరు ఒక్కటే కాపాడగలదా? అంకెలతో వివరించగలిగినవారు, ఇంజన్ల మీద పనిచేసినవారు దయచేసి చెప్పండి. పై తరగతి పిల్లలు లెక్క అడుగుతారు కనుక లెక్క కూడా కావాలి.


బాయిలర్ ఇంజనీరు:

మాస్టారూ, మీ విద్యార్థిని ప్రశ్న బాయిలర్ శాస్త్రానికి గుండెకాయ వంటిది. లోహం ఎంత వేడెక్కుతుందో మంట ఉష్ణోగ్రత ఒక్కటే నిర్ణయించదు. ఒక వైపు నుంచి వేడి ఎంత జోరుగా వచ్చి పడుతోంది, రెండో వైపు నుంచి ఎంత తేలికగా వెళ్లిపోతోంది అన్న రెండు విషయాలూ కలిసి దానిని నిర్ణయిస్తాయి.

మన దేశంలో నడిచిన డబ్ల్యూపీ తరగతి ఇంజనునే తీసుకుందాం. దాని బాయిలర్ పీడనం చదరపు అంగుళానికి 210 పౌన్లు. ఆ పీడనం దగ్గర నీరు 100 డిగ్రీలకు కాక సుమారు 200 డిగ్రీలకు మరుగుతుంది. కాబట్టి గోడ వెనుక ఉన్నది 200 డిగ్రీల నీరు. ఇప్పుడు మంట వైపు చూద్దాం. 1,300 డిగ్రీల దగ్గర ఆదర్శ కృష్ణ వస్తువు చదరపు మీటరుకు సుమారు 3,50,000 వాట్ల ఉష్ణాన్ని వికిరణం చేస్తుంది. స్టెఫాన్ సూత్రంలో 1,573 కెల్విన్లు వేసి మీ పిల్లలే ఈ లెక్క కట్టవచ్చు. మంట ఆదర్శ వస్తువు కాదు, పెట్టె అంతటా ఒకే వేడి ఉండదు కనుక, గోడకు చదరపు మీటరుకు 2,00,000 వాట్లు చేరుతున్నాయని లెక్క కోసం అనుకుందాం.

రాగి ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 380 వాట్లు. రాగి ఫైర్‌బాక్సు రేకు మందం 14 మిల్లీమీటర్లు అనుకుంటే, 2,00,000 వాట్లు దాని గుండా దాటడానికి రెండు ముఖాల మధ్య కేవలం 7 డిగ్రీల తేడా చాలు. మరిగే నీరు వేడిని అమితవేగంతో లాక్కుపోతుంది కనుక, నీటికీ దానిని తాకే రేకుకూ మధ్య తేడా కూడా పది పదిహేను డిగ్రీలకు మించదు. అంటే మంటకు ఎదురుగా ఉన్న రాగి ముఖం 220 లేదా 225 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇక అమెరికా పద్ధతిలో ఫైర్‌బాక్సును ఉక్కుతో చేస్తారు. ఉక్కు వాహకత సుమారు 45 వాట్లే అయినా రేకు 10 మిల్లీమీటర్లే ఉంటుంది కనుక తేడా 44 డిగ్రీలు వస్తుంది. ఆ లెక్కన ఉక్కు గోడ లోపలి ముఖం కూడా 260 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మంటకూ లోహానికీ మధ్య వెయ్యి డిగ్రీలకు పైగా తేడా ఉండగా, లోహానికీ నీటికీ మధ్య తేడా కొన్ని పదుల డిగ్రీలు మాత్రమే.

ఈ లెక్కలో నీరు లోహాన్ని నేరుగా తాకుతోందని అనుకున్నాము. పిల్లలకు తప్పక చెప్పవలసిన విషయం ఇదే. బోరు నీటిలోని సున్నం బాయిలర్ గోడ మీద పెచ్చు కడితే, ఆ పెచ్చు వాహకత ఒకటి రెండు వాట్లకు మించదు. 1.5 వాట్లు అనుకొని అదే లెక్క వేయండి. ఒక్క మిల్లీమీటరు పెచ్చుకే 130 డిగ్రీల తేడా, మూడు మిల్లీమీటర్లకు 400 డిగ్రీల తేడా వస్తుంది. ఉక్కు గోడ అప్పుడు 600 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఉక్కు కరగదు గానీ దాని బలంలో చాలా భాగం పోతుంది. రాగి ఇంకా చాలా ముందే మెత్తబడుతుంది. బాయిలర్‌ను నియమం తప్పకుండా చల్లార్చి, అడుగున పేరుకున్న బురదను కడిగి, సున్నాన్ని గీకి తీసేవారంటే కారణం ఇదే. లోపలి పెట్టెనూ బయటి పెట్టెనూ అడుగున కలిపే ఫౌండేషన్ రింగు చుట్టూ బురద ఎక్కువగా దిగుతుంది కనుక, వాషౌట్ ప్లగ్గులను ఆ మూలల్లో అమరుస్తారు.

పీడనం సంగతి కూడా ఒకసారి లెక్క కట్టండి. 210 పౌన్లంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 14.8 కిలోలు, చదరపు మీటరుకు దాదాపు 148 టన్నులు. ఈ బరువు లోపలి పెట్టె గోడలను మంట వైపు నెడుతూ ఉంటుంది. ఫైర్‌బాక్సు గోడలు బల్లపరుపుగా ఉంటాయి కనుక, గుండ్రటి డ్రమ్ము లాగా తమంతట తాము తట్టుకోలేవు. అందుకని లోపలి గోడనూ బయటి గోడనూ కలుపుతూ సుమారు నాలుగు అంగుళాలకు ఒకటి చొప్పున వందలాది స్టే బోల్టులు బిగిస్తారు. ఒక్కొక్క బోల్టు దాదాపు ఒకటిన్నర టన్నుల లాగుడును మోస్తుంది. లోపలి పెట్టె వేడికి ఎక్కువగా సాగుతుంది, బయటిది తక్కువగా సాగుతుంది. ఈ తేడా వల్ల బోల్టు మాటిమాటికీ వంగి, కొన్నాళ్లకు విరుగుతుంది. విరిగిన సంగతి బయటపడేందుకు బోల్టు చివర నుంచి లోపలికి సన్నటి రంధ్రం వేసి ఉంచుతారు. బోల్టు విరిగితే ఆ రంధ్రంలోంచి నీరు, ఆవిరి చిమ్ముతాయి.


విశ్రాంత లోకో ఉద్యోగి:

మాస్టారు గారికి నమస్కారం. ఇంజనీరు గారు చెప్పిన లెక్కలన్నీ మాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే మాటగా నేర్పారు: బొగ్గు తరువాత, నీళ్లు ముందు. నేను నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల ఘాటులో మీటరు గేజి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పనిచేశాను కనుక అక్కడి అనుభవంతో చెబుతాను.

ఫైర్‌బాక్సు పైకప్పును క్రౌన్ షీట్ అంటారు. మంటలో ఉన్న భాగాలన్నింటిలో నీటి మట్టానికి దగ్గరగా ఉండేది ఇదే కనుక, నీరు తగ్గితే ముందుగా బయటపడేదీ ఇదే. క్యాబులో మన కళ్లకు ఎదురుగా గేజ్ గ్లాసు ఉంటుంది. అందులో నీరు కనబడుతున్నంతవరకు క్రౌన్ షీట్ మీద నీరు ఉన్నట్లే అన్న లెక్కతో దానిని అమరుస్తారు. అయితే గ్లాసులో కనబడే నీటిని గుడ్డిగా నమ్మరాదు. దాని గొట్టాలు బురదతో పూడుకొని ఉంటే, బాయిలర్‌లో నీరు తగ్గినా గ్లాసులో పాత మట్టమే నిలిచి కనబడుతుంది. అందుకే డ్యూటీ ఎక్కగానే గ్లాసు కింది కాక్ తెరిచి నీటిని ఊదేసి, మళ్లీ మూసినప్పుడు నీరు చటుక్కున పైకి లేస్తోందో లేదో చూసేవాళ్లం. నీరు బద్ధకంగా లేస్తే ఆ గ్లాసును నమ్మేవాళ్లం కాదు.

ఘాటులో నీటి లెక్క మైదానంలో కన్నా కష్టం. చిమ్నీ ముందుకు పెట్టుకొని ఎగువకు ఎక్కుతున్నప్పుడు నీరు వెనక్కి, అంటే ఫైర్‌బాక్సు వైపుకు చేరుతుంది. గ్లాసులో నిండుగా కనబడుతుంది. దానికి తోడు రెగ్యులేటరు (ఆవిరిని సిలిండర్లకు వదిలే కవాటం) బాగా తెరిచి ఉంటుంది కనుక బాయిలర్‌లో నీరు బుడగలతో ఉబ్బి, ఉన్నదానికంటే ఎక్కువగా అనిపిస్తుంది. శిఖరం దాటి దిగుడు మొదలవగానే డ్రైవరు రెగ్యులేటరు మూసేస్తాడు. ఉబ్బిన నీరు ఒక్కసారిగా కుంగుతుంది, అదే క్షణంలో ఇంజను ముందుకు వాలుతుంది కనుక నీరంతా ముందుకు జారిపోతుంది. అప్పటివరకు ముప్పాతిక నిండిన గ్లాసు ఒక్కసారిగా అడుగుకు దిగడం నేను చాలాసార్లు చూశాను. ఈ రెండు తగ్గుదలలనూ ముందుగానే లెక్క వేసుకొని, ఎక్కుడు చివరి భాగంలో, ఆవిరి ఎంత అవసరమున్నా సరే, ఇంజెక్టరు తెరిచి నీరు నింపుకోవాలి. చల్లటి నీరు లోపలికి పోతే పీడనం పడిపోతుంది, బండి మందగిస్తుంది, డ్రైవరు విసుక్కుంటాడు. అయినా ఫైర్‌మన్ ఆ విషయంలో రాజీ పడకూడదు.

మంట సంగతి కూడా చెప్పాలి. పెట్టె నిండా బొగ్గు కుక్కితే మంట పెరుగుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అలా చేస్తే గ్రేటు కడ్డీల కింద నుంచి వచ్చే గాలికి దారి ఉండదు. చిమ్నీలోంచి నల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ అంటే మండకుండా బయటికి పోతున్న బొగ్గే. కొద్దికొద్దిగా, తరచుగా, ఎక్కడ తెల్లగా మండి పలచబడిందో అక్కడ వేయాలి. తలుపు కింద, వెనుక మూలల్లో మంట మందంగా ఉండాలి, ముందు వైపు పలచగా ఉండాలి. ఇంజను అదురుడుకు బొగ్గు తానే ముందుకు జారుతుంది. కళ్లు జిగేలుమనే ఆ వెలుగులో మంట ఎక్కడ పలచబడిందో కంటికి తెలియదు. పారను బోర్లించి తలుపు రంధ్రంలో పెడితే, దాని మీదుగా దూసుకుపోయే గాలి మంటను అటూ ఇటూ తోస్తుంది. ఆ క్షణంలో పార నీడలో మంట అడుగు కనబడుతుంది. కన్నం పడినచోట కడ్డీలు నల్లగా తేలి ఉంటాయి. పక్కనే క్లింకరు (కరిగి గడ్డకట్టిన బూడిద) కట్టినచోట మంట ఎర్రగా, మబ్బుగా ఉంటుంది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ కనుక క్లింకరు తొలగించడం ఫైర్‌మన్‌కు సగం పని. చిమ్నీ దగ్గర లేత బూడిద రంగు పొగ కనబడితే గాలీ బొగ్గూ సరిపోయాయని, అసలు ఏమీ కనబడకపోతే గాలి ఎక్కువై వేడి వృథా అవుతోందని అర్థం.


గుంటూరు మాస్టారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ లెక్కలను రేపే బల్ల మీద వేస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. నీరు తగ్గితే కరిగి హెచ్చరించే సీసపు ప్లగ్గు ఒకటి క్రౌన్ షీట్‌లో ఉంటుందని చదివాను. అది ఉండగా ప్రమాదం ఎలా జరుగుతుంది? రెండవది, ఫైర్‌బాక్సు తలుపు తెరిచి ఉంచకూడదని ఎందుకు అంటారు? గాలి ఎక్కువగా వెళితే మంటకు మంచిదే కదా?


బాయిలర్ ఇంజనీరు:

లెడ్ ప్లగ్గు అంటే కంచు మర, దాని నడుమ సీసం. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నీరు 200 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీరు తాకుతున్నంతసేపూ సీసం గట్టిగానే ఉంటుంది. నీరు తొలగితే కరిగి, ఆవిరి ఆ రంధ్రంలోంచి పెట్టెలోకి చిమ్ముతుంది. ఆ చప్పుడు సిబ్బందికి హెచ్చరిక. అంతేకానీ ఆ సన్నటి రంధ్రం బాయిలర్ పీడనాన్ని తగ్గించలేదు, పెద్ద మంటను ఆర్పలేదు. పైగా ప్లగ్గు పైభాగాన సున్నం పేరుకుంటే సీసం కరిగినా దారి తెరుచుకోకపోవచ్చు. అది కాపలా మాత్రమే.

నీరు లేని క్రౌన్ షీట్‌కు ఏమవుతుందంటే, ఆవిరి వేడిని నీటిలాగా లాక్కోలేదు కనుక లోహం నిమిషాల్లో ఎర్రబడుతుంది. మెత్తబడిన రేకును పైనున్న పీడనం కిందికి వంచి, స్టే బోల్టుల తలల నుంచి ఊడదీస్తుంది. అప్పుడు అసలు విధ్వంసం చేసేది ఆవిరి కంటే 200 డిగ్రీల నీరే. పీడనం పోగానే ఆ నీటిలో దాదాపు 19 శాతం అక్కడికక్కడే ఆవిరవుతుంది. టన్ను నీటి నుంచి వచ్చే ఆవిరి 300 ఘనపు మీటర్లు దాటుతుంది. బాయిలర్‌లో ఉండేదేమో టన్నుల కొద్దీ నీరు.

ఇది పాతకాలపు ముచ్చట కాదు. 1995 జూన్ 16న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, గార్డ్నర్స్ అనే ఊరి దగ్గర పర్యాటకులను తీసుకెళుతున్న గెటిస్‌బర్గ్ రైల్‌రోడ్ వారి 1278 నంబరు ఇంజనులో నీరు తగ్గి క్రౌన్ షీట్ విఫలమైంది, క్యాబులోని ముగ్గురూ కాలిన గాయాల పాలయ్యారు. నీటి మట్టం చూపే గ్లాసుల నిర్వహణ సరిగా లేదని విచారణలో తేలింది. ఆ బాయిలర్ బోల్టుల అమరిక వల్ల రేకు ఒక్కసారిగా కాక విడతలుగా తెగిందని, లేకపోతే నష్టం ఇంకా ఎక్కువ అయ్యేదని కూడా పరిశోధకులు గుర్తించారు. విశ్రాంత ఉద్యోగి గారు డ్యూటీ ఎక్కగానే గ్లాసు ఊదేవాళ్లమని రాశారే, ఆ చిన్న పని విలువ ఇందులో కనబడుతుంది.


విశ్రాంత లోకో ఉద్యోగి:

తలుపు గురించి నేను చెబుతాను. గాలి రెండు చోట్ల కావాలి. కింద కడ్డీల గుండా వచ్చే గాలి బొగ్గు పొరను మండిస్తుంది. బొగ్గు వేడెక్కగానే లేచే వాయువులు పైన మండడానికి తలుపు దారిన కొంత గాలి కావాలి. తాజాగా బొగ్గు వేసిన తరువాత కొద్ది క్షణాలు తలుపు ఓరగా ఉంచితే పొగ తగ్గుతుంది. బార్లా తెరిచి వదిలేస్తే చల్లగాలి నేరుగా ముందున్న ట్యూబ్ ప్లేటుకు (వేడి వాయువులను బాయిలర్ గుండా తీసుకెళ్లే గొట్టాల చివరలు బిగించిన రేకుకు) కొడుతుంది. అప్పటివరకు వేడికి సాగి బిగిసిన గొట్టాల చివరలు ఒక్కసారిగా ముడుచుకొని కారడం మొదలవుతుంది. కారిన నీరు మంటను చల్లారుస్తుంది, షెడ్డుకు చేరాక ఫిట్టర్లకు ఒళ్లు హూనమయ్యే పని. అందుకే తలుపు లోపలి వైపు గాలిని కిందికి మళ్లించే రేకు పెడతారు, ముందు భాగంలో ఇటుక కమాను కడతారు.


లీడ్స్ విద్యార్థి:

నమస్కారం అండీ. ఇక్కడ ఇంగ్లండులో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. పెద్దవారు ఇటుక కమాను మాట ఎత్తారు కనుక దాని చరిత్ర కొంచెం కలుపుతున్నాను. 1829లో రెయిన్‌హిల్ పోటీలో గెలిచిన రాకెట్ ఇంజనుకే వెనుక భాగంలో నీటి గోడలున్న రాగి ఫైర్‌బాక్సు, దాని నుంచి ముందుకు 25 రాగి గొట్టాలు ఉన్నాయి. అనేక గొట్టాల ఆలోచన హెన్రీ బూత్‌ది. ఆ రోజుల్లో ఇంజన్లు తమ పొగను తామే కాల్చుకోవాలన్న చట్టం ఉండేది కనుక, బొగ్గుకు బదులు ఖరీదైన కోక్ (బొగ్గును గాలి తగలకుండా కాల్చి చేసే, పొగ రాని ఇంధనం) వాడేవారు. మిడ్‌లాండ్ రైల్వేలో మాథ్యూ కర్ట్‌లీ దగ్గర పనిచేసిన చార్లెస్ మార్కమ్ 1850ల చివర్లో ఇటుక కమానునూ, తలుపు దగ్గరి రేకునూ కలిపి వాడి, మామూలు బొగ్గునే పొగ లేకుండా కాల్చే పద్ధతిని కుదిర్చాడు. మంట నేరుగా గొట్టాల్లోకి పోకుండా కమాను దానిని వెనక్కి తిప్పుతుంది. ఆ చుట్టుదారిలో వాయువులు గాలితో కలిసి పూర్తిగా మండడానికి సమయం దొరుకుతుంది. ఎర్రగా కాగిన ఇటుకలు కొత్తగా లేచిన వాయువులను అంటిస్తాయి కూడా. నా దృష్టిలో ఫైర్‌బాక్సు చరిత్రలో దీనికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసిన మార్పు లేదు.


గాజువాక ఉద్యోగి:

ఈ చర్చ చదివాక మా పనిచోట ఉన్న ఉదాహరణ ఒకటి చెప్పాలనిపించింది. రాగి, నీరు కలిసి మంటను తట్టుకోవడం ఆవిరి ఇంజన్లతో ముగిసిపోలేదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. ఏ బ్లాస్ట్ ఫర్నేసులోనైనా వేడిగాలిని లోపలికి ఊదే నాజిళ్లను ట్యుయెర్లు అంటారు. వాటి ముందు కోక్ 2,000 డిగ్రీలకు పైగా మండుతుంది. ఆ ట్యుయెర్లు చేసేది రాగితోనే. వాటి గోడల లోపల నీరు నిరంతరం ప్రవహిస్తుంటుంది కనుక నిలుస్తాయి. ఇంజను బాయిలర్‌కూ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, ఇక్కడ నీటిని మరగనివ్వరు, వేగంగా తిప్పి వేడిని మోసుకుపోయేటట్లు చేస్తారు. కరిగిన ఇనుము తగిలి ట్యుయెరుకు చిల్లు పడితే లోపలికి వెళ్లే నీటికీ బయటికి వచ్చే నీటికీ మధ్య తేడా కనబడుతుంది. కొలిమి లోపలికి నీరు పోవడం చాలా ప్రమాదకరం కనుక ఆ తేడా మీద ఎప్పుడూ కన్నేసి ఉంచాలి. నీరు లేనిచోట, అంటే ఇటుక బట్టీల్లో, కుండల ఆవాల్లో, గోడను కాపాడేది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉపాయం. అక్కడి మట్టి, ఇటుక వేడిని దాటనివ్వవు, తామే ఎర్రబడి నిలుస్తాయి. పిల్లలకు ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే బాగా అర్థమవుతుంది.


గుంటూరు మాస్టారు:

గాజువాక మిత్రులు చెప్పిన పోలిక తరగతికి చక్కగా పనికివస్తుంది. ఫైర్‌బాక్సును నిలువుగా కోసి చూపించే బొమ్మ గానీ ఫొటో గానీ ఎవరి దగ్గరైనా ఉందా? స్టే బోల్టులు, క్రౌన్ షీట్, నీటి మట్టం మూడూ ఒకే చోట కనబడితే మేలు.


లీడ్స్ విద్యార్థి:

మాస్టారూ, యార్క్ నగరంలోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఎల్లర్‌మన్ లైన్స్ అనే 35029 నంబరు ఇంజనును నిలువునా కోసి ప్రదర్శనకు పెట్టారు. అది మర్చంట్ నేవీ తరగతికి చెందినది. బ్రిటన్‌లో రాగి పద్ధతికి భిన్నంగా ఉక్కును వెల్డింగ్ చేసి కట్టిన ఫైర్‌బాక్సు దానిది. కోసిన వైపు నిలబడితే రెండు గోడల మధ్య నీరు ఉండే సందు ఎంత సన్నగా ఉంటుందో, ఆ సందును దాటుతూ బోల్టులు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయో తెలుస్తుంది. పెట్టె నడుమ నుంచి క్రౌన్ షీట్ వరకు లేచే సైఫన్లు ఉంటాయి. నీటిని మంట మధ్యలోంచే పైకి పంపి తిరుగుడును పెంచడానికి వాటిని పెట్టారు. వచ్చే వారం అటు వెళ్లే పని ఉంది. క్రౌన్ షీట్ ఎత్తూ గేజ్ గ్లాసు ఎత్తూ ఒకే చట్రంలో పడేటట్లు పక్క నుంచి ఫొటోలు తీసి, భాగాల పేర్లు తెలుగులో రాసి ఇక్కడే పెడతాను. బోల్టు చివర సన్నటి రంధ్రం కనబడితే దానిని దగ్గర నుంచి విడిగా తీస్తాను.